కాలువబంగ్లా తువ్వాళ్లు

ఆ బుధవారం పొద్దున బుచ్చయ్య పెట్టుకున్న పని ఒక్కటే. హాలియా పోయి పన్ను పీకించుకోవాలి. కుడి దవడ పన్ను కొన్నాళ్లుగా ఆయన్ని తిననివ్వడం లేదు, పడుకోనివ్వడం లేదు. అన్నిటికన్నా ఘోరం, మాట్లాడనివ్వడం లేదు. మండల నాయకుడికి నోరు మూతపడితే ఇంకేం మిగులుతుంది? అందుకే చాయ్ కూడా తాగకుండా బండి బయటికి తీశాడు.

"సక్కగ డాక్టర్ దగ్గరికే పో. నడుమల యాడ ఆగకు," అంది భార్య నర్సింగమ్మ, గేటు దాకా వచ్చి.

"యాడ ఆగుత నేను?"

"తొవ్వల నలుగురు నిలబడి మాట్లాడుకుంటె చాలు, నీ మీదనే మాట్లాడుతుండ్రని బండి ఆపుతవ్. నాకు తెల్వదా?"

నర్సింగమ్మ మాటలో అతిశయోక్తి లేదు. ఎవరైనా దండం పెడితే ఎందుకు పెట్టాడని, పెట్టకపోతే ఎవరు పెట్టొద్దన్నారని ఆలోచించే మనిషి బుచ్చయ్య. ఈ మధ్య ఆ గుణం మరీ ముదిరింది. నెమలిబండ మార్కెట్ కమిటీకి చైర్మన్ పదవి ఖాళీగా ఉంది. బుచ్చయ్య మీసం మొలిచిననాటి నుంచి పార్టీ జెండా మోస్తున్నాడు. ఇప్పుడు ఆ మీసానికి రంగు వేసుకుంటున్నాడు. ఈసారి పదవి రాకపోతే ఇక జన్మలో రాదని ఆయనకు లోలోపల దిగులు. ఆ దిగులు నిజమైనదే, నవ్వదగ్గది కాదు.

పోటీలో ఉన్నవాళ్లు చాలామందే. రైస్ మిల్లు సిద్దయ్య ఉన్నాడు, యువజన నాయకుడు మహేష్ ఉన్నాడు. వాళ్లతో బుచ్చయ్యకు పేచీ లేదు. వాళ్లు పదవి కావాలని బాహాటంగా తిరుగుతున్నారు. ఆయనకు నిద్ర పట్టనివ్వనిది మాజీ సర్పంచ్ లక్ష్మీనర్సమ్మ. ఆమె ఎవర్నీ ఏమీ అడగదు. మీటింగుకు వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది, చాయ్ తాగి వెళ్లిపోతుంది. ఏమీ అడగని మనిషి వెనక ఎంత పెద్ద మంత్రాంగం ఉంటుందో బుచ్చయ్యకు తెలియనిది కాదు.

బండి కాలువ కట్ట ఎక్కింది. దవడ మీద చెయ్యి పెట్టుకుని, ఒంటి చేత్తో బండి నడుపుతూ, కాలువబంగ్లా మలుపు దాకా ఏ ఆటంకమూ లేకుండా వచ్చాడు. అక్కడ కుడివైపు చూశాడు. చూసి, బ్రేకు వేశాడు.

బంగ్లా ఆవరణలో రెండు వేపచెట్ల మధ్య కట్టిన తీగ మీద తెల్ల తువ్వాళ్లు ఆరుతున్నాయి.

తువ్వాళ్లు ఆరితే బ్రేకు ఎందుకు వెయ్యాలో తెలియాలంటే కాలువబంగ్లా సంగతి చెప్పాలి. సాగర్ కాలువ తవ్వేనాడు ఇంజనీర్ల కోసం కట్టిన గెస్ట్ హౌస్ అది. ఇంజనీర్లు పోయాక నాయకులు పట్టారు. ఎత్తైన అరుగులు, మందపాటి గోడలు, కాలువ మీది చల్లగాలి. ఇంతకన్నా ఒక నాయకుడికి కావలసిందేముంది? ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు ఆ వరండాలోనే దిగేవారు. ఎవరికి టికెట్, ఎవరికి మొండిచెయ్యి అన్నది ఆ వరండాలోనే తేలేది. ఎవరొస్తున్నారో ముందుగా చెప్పే అలవాటు మాత్రం ఎవరికీ ఉండేది కాదు. అందుకని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బంగ్లా తీగను చదవడం నేర్చుకున్నారు. మెత్తల గలీబులు, అంటే దిండ్ల తొడుగులు, మాత్రమే ఆరితే ఇంజనీరు. దుప్పట్లు కూడా ఆరితే కలెక్టరు. కుర్చీల వీపు మీద వేసే తెల్ల టర్కీ తువ్వాళ్లు ఆరాయంటే రాజకీయం. ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని పెద్దలు ఒట్టేసి చెప్పేవారు.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వం బంగ్లాను పాత కట్టడం కింద కాపాడాలని నిర్ణయించింది. నీలం బోర్డు పాతింది. నాయకులు పడుకున్న మంచం, కూర్చున్న కుర్చీలు, వాళ్ల తువ్వాళ్లతో సహా, ఎక్కడివక్కడే ఉంచి గుమ్మానికి తాడు కట్టింది. వచ్చినవాళ్లు తాడు ఇవతలే నిలబడి చూసి పోవాలి. అప్పటి నుంచి అక్కడ ఎవరూ దిగలేదు. తీగ మీద ఏదీ ఆరలేదు. ఈ రోజు దాకా.

అసలు సంగతి చాలా చిన్నది. చెక్క బీరువాలో ఎలుక చచ్చింది.

బంగ్లా కాపలాదారు ఐలేశం ముక్కు మూసుకుని బీరువా తెరిచేసరికి లోపలి బట్టలన్నీ కంపు కొడుతున్నాయి. అంతటితో పోతే బాగుండేది. చచ్చే ముందు ఆ ఎలుక, ఒకప్పుడు ఢిల్లీ నుంచి వచ్చి దిగిన పెద్ద నాయకుడి మంచం మీద పరిచిన చద్దరుకు నడిమధ్యన పిడికిలి పట్టేంత బొక్క పెట్టి మరీ చచ్చింది. ఆ చద్దరు మీద చెయ్యి పడితే ఉద్యోగం పోతుందని నల్లగొండ నుంచి తనిఖీకి వచ్చే అధికారి సంధ్య మేడం పోయినసారే హెచ్చరించి వెళ్లింది. అందుకని ఐలేశం ఆ పొద్దున ఒక పథకం వేసుకున్నాడు. బట్టలన్నీ ఉతికి, కిటికీలు తెరిచి, ఫినాయిల్ కొట్టి, అగరొత్తులు ముట్టించి, మధ్యాహ్నంలోగా ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి. అతని భార్య అండాలు పుట్టింది మగ్గాలున్న ఇంట్లో. బొక్కను కనిపించకుండా రఫ్ఫు చెయ్యడం తన వంతు అంది.

బుచ్చయ్య గేటు తోసుకుని వచ్చేసరికి ఐలేశం చేతిలో ఫినాయిల్ సీసా ఉంది.

"ఐలేశం, ఎవరొస్తున్నరు?"

"ఎవరొస్తరన్నా? ఎవ్వరొస్తలేరు."

"మరి గీ బట్టలేంది?"

"మాసినయి. ఉతికినం."

"ఎవరు కప్పుకుంటె మాసినయి?"

ఐలేశం ఫినాయిల్ సీసా వీపు వెనక దాచాడు. బుచ్చయ్య గాలిని ఒకసారి పీల్చాడు.

"కిటికీలన్ని తెరిసినవ్."

"గాలికన్నా."

"అగరొత్తులు?"

"దేవునికి."

"బంగ్లల దేవుడెవరే?"

అప్పుడే వరండా చివర కూర్చుని ఉన్న అండాలు ఒళ్లోని తెల్లబట్టను గబగబా కొంగు కింద దాచింది. అది బుచ్చయ్య కంట పడనే పడింది.

"ఏందమ్మా గది?"

"ఏం లేదన్నా. పాత చీర, కుట్టుకుంటున్న."

"తెల్లచీర నీకెందుకమ్మా? ఐలేశం నా ముంగటనే నిలబడె గద!"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎలుక అంటే చద్దరు దాకా పోతుంది, చద్దరు అంటే మేడం దాకా పోతుంది, మేడం అంటే ఉద్యోగం దాకా పోతుంది. ఐలేశం చేతులు జోడించాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. గీ బట్టలు చూసినట్టు ఎవ్వరికి చెప్పకు. నా నౌకరి పోతది."

ఆ మాటతో బుచ్చయ్యకు మిగిలిన కాస్త సందేహం కూడా తీరిపోయింది. వచ్చేది చిన్న మనిషి కాదు. రహస్యంగా వస్తున్నాడు. చైర్మన్ పేరు తేల్చడానికే వస్తున్నాడు. వస్తున్నట్టు తనకు చెప్పలేదు. అంటే ఇంకెవరికో చెప్పారు.

బండిని హాలియా వైపు కాకుండా వెనక్కి తిప్పాడు. నేరుగా లక్ష్మీనర్సమ్మ ఇంటికి పోయాడు. తలుపుకు తాళం.

"తెల్లారకముందే పోయింది గదా," అంది పక్కింటి ముసలమ్మ. "పట్టుచీర కట్టుకున్నది. మోత్కూర్ల వాళ్లక్క కొత్తిల్లు కట్టుకున్నదంట."

"మోత్కూరా? గంత దూరం ఒక ఇల్లు చూడనీకి పోయిందా?"

"మరి అక్క గద నాయినా."

ఫోన్ చేశాడు. బంద్ ఉంది. బుచ్చయ్య చిన్నగా నవ్వుకుందామనుకున్నాడు కానీ దవడ ఒప్పుకోలేదు. దాచవలసింది ఉంటేనే మనిషి ఫోన్ బంద్ చేస్తాడు. పోయిన ఎన్నికల్లో తను కూడా అలాగే చేశాడు. పట్టుచీర, బంద్ పెట్టిన ఫోను, తెల్ల తువ్వాళ్లు. మూడూ కలిపి చూస్తే పసిపిల్లకైనా అర్థమవుతుంది. ఆమె ఈపాటికి ఎక్కడో తొవ్వలోనే ఆ పెద్దమనిషి కారు ఎక్కి ఉంటుంది. సాయంత్రానికి ఇద్దరూ కలిసి బంగ్లాలో దిగుతారు. తనకు రేపు పేపర్లో తెలుస్తుంది.

'నా బతుకంత జెండ మోసుడే అయిపాయె,' అనుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం పన్ను వల్ల, సగం నిజంగానే.

ఏం చేస్తే బాగుంటుంది? ఎవరికీ చెప్పకుండా, కారు దిగంగనే మెడలో దండ వేసి ముందు నిలబడాలి. రహస్యాన్ని రహస్యంతోనే కొట్టాలి. హాలియా పోయాడు. దంతవైద్యుడి బోర్డు కింది నుంచే పోయి పూలకొట్టు ముందు బండి ఆపాడు.

"ఎంత దండ కావాలె?" అంది పూలామె.

బుచ్చయ్య రెండు చేతులూ చాపాడు.

"గంత పెద్దది ఎవరికన్నా?"

"హనుమండ్లకు."

"బుధవారం నాడా?"

"మొక్కున్నది. నువ్వు కట్టమ్మా."

ఆమె కట్టింది. ఆయన పోయిన కాసేపటికి రైస్ మిల్లు సిద్దయ్య అదే కొట్టుకు వచ్చాడు. వాళ్ల నాయిన ఫోటోకు చిన్న దండ ఒకటి కావాలి, ఆ రోజు ఆయన సంవత్సరీకం. పూలామె బంతిపూలు అయిపోయాయంది. ఎందుకయిపోయాయని అడిగితే బుచ్చయ్య, హనుమండ్లు, బుధవారం అన్నీ చెప్పింది. సిద్దయ్య తన నాయిన ఫోటో సంగతి అక్కడే మరచిపోయాడు. చామంతులు ఎన్ని ఉంటే అన్నీ కట్టమన్నాడు. కట్టేలోగా తన మనిషిని బుచ్చయ్య వెంట పంపాడు. బుచ్చయ్య కాలువబంగ్లా ఎదుట చింతచెట్టు కింద దండతో కూర్చున్నాడని, తీగ మీద తెల్ల తువ్వాళ్లు ఉన్నాయని కబురు వచ్చింది.

సిద్దయ్య ఈ సంగతి ప్రాణం పోయినా ఎవరికీ చెప్పదలచుకోలేదు. కానీ పెద్దమనిషి వచ్చాక భోజనం ఎవరు పెడితే వాళ్ల పేరు నిలుస్తుందని బిర్యానీ చెప్పాడు. బిర్యానీ మాస్టర్ ఎంతమందికని అడిగాడు. అడిగి, మహేష్‌కు ఫోన్ చేశాడు, వాళ్లిద్దరిదీ ఒకే వాడ కనుక. మహేష్ టెంట్ హౌస్ వాడికి చెప్పాడు. ఎవరికి వాళ్లు అవతలివాడి దగ్గర ఒట్టు వేయించుకునే చెప్పారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మండలంలో ఈ రహస్యం తెలియనిది పాలు తాగే పిల్లలకే.

బంగ్లా ముందు ఒక్కొక్కరే చేరసాగారు. ప్రతివాడి చేతిలోనూ నల్ల కవరు, కవరులోంచి బయటికి తొంగిచూస్తున్న పూలు.

"ఏం సిద్దన్నా, గిటొచ్చినవ్?" అన్నాడు బుచ్చయ్య, దవడ పట్టుకుని.

"ఉత్తగనే. కాలువల నీళ్లెట్లున్నయో చూద్దామని. నువ్వు?"

"పన్ను పీకించుకుందామని."

"చింతచెట్టు కిందనా?"

బుచ్చయ్య మాట మార్చాడు. "మహేషూ, నువ్వేంది తమ్మీ?"

"గాలికొచ్చినన్నా. ఇంట్ల కరెంటు లేదు." కరెంటు లేని మహేష్ వెనక ట్రాక్టర్ మీంచి షామియానా, కుర్చీలు, డప్పులు దిగుతున్నాయి. ఆ వెనక ఆటోలో ఫ్లెక్సీ వచ్చింది.

ఆ ఫ్లెక్సీ గురించి రెండు మాటలు చెప్పాలి. తయారు చేసేటప్పుడు ఎవరి ఫోటో పెట్టాలని కొట్టువాడు అడిగాడు. మహేష్ ఇరకాటంలో పడ్డాడు. వచ్చేది మంత్రి అయితే ఎమ్మెల్యే ఫోటో పెడితే తప్పు. ఎమ్మెల్యే అయితే మంత్రి ఫోటో పెడితే ఇంకా తప్పు. ఇద్దరూ కాక హైదరాబాద్ నుంచి ఇంకెవరో అయితే? "నడుమ గుండ్రంగ జాగ ఇడిసిపెట్టు. దిగినంక చూసి అతికిద్దాం," అన్నాడు. అందుకని ఆ ఫ్లెక్సీ మీద పైన 'స్వాగతం, సుస్వాగతం' అని ఉంది. చుట్టూ మండల నాయకులందరి ముఖాలూ పళ్లికిలించి నవ్వుతున్నాయి. నడుమ బండిచక్రమంత తెల్ల సున్నా ఉంది.

లోపల ఐలేశం పరిస్థితి దారుణంగా ఉంది. కిటికీ సందులోంచి జనాన్ని చూశాడు.

"సంగతి బయటపడ్డది. చద్దరు కోసం మండలమంత వచ్చింది," అన్నాడు భార్యతో.

"ఒక్క చద్దరు కోసం షామియానా ఏస్తరా?" అంది అండాలు, సూది ఆపకుండానే. "నువ్వు జర ఉండు. ఇంక నాలుగు వేళ్లంత ఉన్నది, అల్లేస్త."

ఐలేశానికి మనసు ఆగలేదు. పరుగున పోయి తీగ మీది బట్టలన్నీ, ఆరినవీ ఆరనివీ, చంకన పెట్టుకుని లోపలికి వచ్చి గేటుకు తాళం వేశాడు.

బయట అలజడి పుట్టింది.

"తువ్వాళ్లు లోపలికి పోయినయి," అన్నాడు సిద్దయ్య. "గేటు బంద్ వెట్టిండ్రు."

"అంటె మనిషి వచ్చిండు," అన్నాడు బుచ్చయ్య.

"యాడికెల్లి వచ్చిండు? మనం ఈడనే ఉంటిమి గద?"

"కాలువ తరఫు నుంచి. వెనక తలుపు లేదా?"

అందరూ గోడ దగ్గరికి పోయారు. మహేష్ భుజాల మీద ఎక్కి బుచ్చయ్య లోపలికి చూశాడు. పెద్ద నాయకుడి గదిలో పరదా కదిలింది. పరదా వెనక తెల్లటి బట్ట కనిపించింది. దాని వెనక ఒక ఆడమనిషి నీడ, చేతిలో ఏదో పట్టుకుని వంగి కూర్చుని ఉంది.

"అక్కనే!" అన్నాడు బుచ్చయ్య, గుండె పట్టుకుని. "లక్ష్మీనర్సక్క లోపలనే ఉన్నది. సంతకాలు వెడుతున్నది!"

ఆ నీడ అండాలుది. ఆమె చివరి పోగు అల్లుతోంది. కానీ అప్పటికే షామియానా కింద కోపం రాజుకుంది. ఇన్నాళ్లూ ఒకరంటే ఒకరికి పడనివాళ్లంతా ఇప్పుడు ఒక్కటయ్యారు. తమనందర్నీ పక్కనపెట్టి ఆమెకు పదవి కట్టబెడితే ఊరుకునేది లేదన్నారు. ఊరుకునేది లేదన్న మాటకు బలం ఉండాలని అందరూ కలిసి ఫ్లెక్సీ కింద నిలబడి పిడికిళ్లు ఎత్తి ఫోటో దిగారు. బుచ్చయ్య నడుమ నిలబడ్డాడు, తెల్ల సున్నాకు సరిగ్గా కింద. దవడ వాచి, కళ్లు ఎర్రబడి, పళ్లు బిగించి ఉన్న ఆయన ముఖం చూస్తే ప్రభుత్వాన్ని పడగొట్టేవాడిలా ఉంది. ఎవరో కుర్రవాడు ఉత్సాహం ఆపుకోలేక ఆ ఫోటోను పార్టీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఎమ్మెల్యే ఆ సమయంలో చిట్యాల దగ్గర హైవే హోటల్లో ఇడ్లీ తింటున్నాడు. హైదరాబాద్ పోతూ ఆగాడు. నెమలిబండ వైపు రావాలన్న ఆలోచన ఆయనకు ఆ రోజే కాదు, ఆ నెలలోనే లేదు. ఫోన్ తెరిచాడు. ఫోటో చూశాడు. మండల నాయకులంతా ఒక్కచోట. అదీ కాలువబంగ్లా దగ్గర, ప్రభుత్వాలు తారుమారైన చోట. తనకు కబురు లేదు. అన్నిటికన్నా, ఫ్లెక్సీ మీద అందరి ముఖాలూ ఉన్నాయి, తన ముఖం ఉండవలసిన చోట బొక్క ఉంది.

"నా ఫోటో కోసేసిండ్రు," అన్నాడు మెల్లగా. ఇడ్లీ అలాగే వదిలేశాడు. "బండి తిప్పు."

పొద్దు వాలే వేళకు కాలువ కట్ట మీద కార్లు కనిపించాయి. షామియానా కింద కోపం చల్లారి ఒక్కసారిగా డప్పు మోగింది.

"నేను పొద్దుగాలనే అనుకోలే?" అన్నాడు బుచ్చయ్య. ఆనందం పట్టలేక దవడ నొప్పి కూడా మరచిపోయాడు. దండ ఎత్తుకుని ముందుకు ఉరికాడు.

ఎమ్మెల్యే కారు దిగాడు. దండ వంక చూశాడు, మెడ వంచలేదు. బుచ్చయ్య దండ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

"ఎవరు పిలిస్తె వచ్చిండ్రు మీరంత?"

"ఎవ్వరు పిలువలే సార్," అన్నాడు సిద్దయ్య వినయంగా. "మా అంతట మేమే వచ్చినం."

"పిలువకుంటెనే గింతమంది జమైండ్రా?"

"అవ్ సార్. అందరం ఒక్కమాట మీద ఉన్నం," అన్నాడు మహేష్. దాని వల్ల మేలు జరుగుతుందని అతను నిజంగానే అనుకున్నాడు.

ఎమ్మెల్యే ముఖం నల్లబడింది.

"మీరొస్తున్నరని తెలిసే సార్..." అని బుచ్చయ్య అందుకున్నాడు.

"నేనొస్తున్నట్టు నాకే తెల్వదు. చిట్యాల కాడ అనుకున్న. నువ్వు పొద్దుగాల నుంచి ఈడనే ఉన్నవంట. ఎట్ల తెలిసింది నీకు?"

"తువ్వాళ్లు చూసిన సార్."

"ఏ తువ్వాళ్లు?"

అందరూ తీగ వంక తిరిగారు. తీగ మీద ఒక కాకి తప్ప ఏమీ లేదు.

ఎమ్మెల్యే గేటు తెరిపించాడు. ఆయన వెంట జనమంతా లోపలికి తోసుకువచ్చారు. గుమ్మానికి కట్టిన తాడు తెగింది. లక్ష్మీనర్సమ్మను పట్టుకుందామని బుచ్చయ్య అందరికన్నా ముందు పెద్ద నాయకుడి గదిలోకి దూరాడు. మంచం కింద కూడా చూశాడు. అండాలు తప్ప ఎవరూ లేరు. ఈలోగా ఐలేశం ఏడుస్తూ ఎమ్మెల్యే కాళ్ల మీద పడ్డాడు.

"తప్పైంది సారూ. అంత ఎలుక చేసింది. నేను ముందుగాలనే చూడకపోతి."

"ఎలుకంటె ఎవరు?" అన్నాడు ఎమ్మెల్యే వంగి, గొంతు తగ్గించి. "భయపడకు. పేరు చెప్పు."

"పేరేముంటది సారూ? ఎలుక."

ఎమ్మెల్యే నిట్టూర్చి లేచాడు. కాపలాదారును కూడా పేరు బయటపెట్టనివ్వడం లేదంటే కుట్ర చాలా లోతుగా ఉందని ఆయనకు రూఢి అయింది. వరండాలోకి వచ్చి ఒక్కొక్కరి ముఖమే చూస్తూ పోయాడు. చివరికి వచ్చి ఆగాడు.

"లక్ష్మీనర్సమ్మ యాడ?"

ఎమ్మెల్యే ఫోన్ చేశాడు. ఈసారి మోగింది. అందరికీ వినబడేటట్టు పెట్టాడు. అవతల సన్నాయి, పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు.

"నమస్తే సారూ. నేను మోత్కూర్ల ఉన్న, మా అక్కోల్ల కొత్తింట్ల. ఫోన్ల చార్జింగ్ అయిపోతె గిప్పుడే వెట్టిన. ఏమన్న పని పడ్డదా?"

"ఈడ కాలువబంగ్లా కాడ మీటింగ్ ఉన్నది. నీకు తెల్వదా అమ్మా?"

"మీరు వెట్టిండ్రా సారూ?"

"నేను పెట్టలే."

"మీరు వెట్టకుంటె గది మన మీటింగెట్లయితది?" అంది ఆమె, అమాయకంగా. "జర ఉండుండ్రి సారూ, పాయసం మాడుతున్నది."

ఎమ్మెల్యే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయని పక్కనున్న గన్‌మన్ తర్వాత చెప్పాడు.

"మండలం మొత్తంల నా మనిషి ఒక్కతే మిగిలింది," అన్నాడు. "అది కూడ ఆడమనిషి. సిగ్గు తెచ్చుకోండ్రి. మార్కెట్ కమిటీ చైర్మన్ లక్ష్మీనర్సమ్మనే. రేపే ప్రమాణం." కారు ఎక్కబోతూ బుచ్చయ్య వైపు తిరిగాడు. "ఆ దండ పారెయ్యకు. రేపు ఆమె మెడల నీ చేతుల మీదనే పడాలె."

కార్లు పోయాయి. డప్పుల వాళ్లకు ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక వాళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు. బుచ్చయ్య దండతో సహా షామియానా కింద కుర్చీలో కూలబడ్డాడు. మొట్టమొదటిసారి ఆయనకు ఎవరి మీదా అనుమానం రాలేదు, అంత అలసిపోయాడు. అనుమానించే పని మిగిలినవాళ్లు తీసుకున్నారు.

"మస్తు నాటకం ఆడినవన్నా," అన్నాడు సిద్దయ్య. "అక్కను మోత్కూర్ పంపి, మమ్ముల ఈడ కూడబెట్టి, సారును పిలిపించినవ్. ఎన్ని దినాల నుంచి నడుస్తున్నదిది?"

"నేనా? ఆమె కోసమా?"

"ముందుగాల వచ్చింది ఎవరు? దండ తెచ్చింది ఎవరు? లోపలున్నదని మమ్ముల రెచ్చగొట్టింది ఎవరు?"

మూడింటికీ జవాబు బుచ్చయ్యే. ఇంటికి పోతే నర్సింగమ్మ కూడా అదే అడిగింది, కాకపోతే వేరే గొంతుతో. "ఆ లక్ష్మీనర్సమ్మకు పదవి ఇప్పియ్యనీకి పన్ను నొప్పి కూడ మరిసినవా? నాకు ఒక్క చీర తెమ్మంటె ఏడాది తిరుగుతవ్!"

ఆ గొడవలో బాగుపడింది ఐలేశం ఒక్కడే. మర్నాడు సంధ్య మేడం వచ్చి తెగిన తాడు, బురద పాదాల గుర్తులు, నలిగిన పక్క చూసింది. చద్దరులో రఫ్ఫు కూడా చూసింది. "ఇంతమంది నాయకులు దూరితే చినగదా?" అంది. వాళ్లందర్నీ ఎదిరించి బంగ్లాను కాపాడినందుకు ఐలేశాన్ని మెచ్చుకుని పోయింది.

అదే రోజు ప్రమాణస్వీకారం జరిగింది. బుచ్చయ్య తన చేతులతో దండ వేశాడు. సాయంత్రం పన్ను పీకించుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత లక్ష్మీనర్సమ్మ మోత్కూర్ అరిసెలు తీసుకుని ఆయన ఇంటికి వచ్చింది. వైస్ చైర్మన్‌గా బుచ్చయ్య పేరే రాసి ఎమ్మెల్యేకు పంపానంది. ఎమ్మెల్యే మొదట ఒప్పుకోలేదట, ఆమె పట్టుబట్టిందట.

బుచ్చయ్య అరిసె ముట్టలేదు. "నా పేరెందుకు రాసినవక్కా?"

"నువ్వు లేకుంటె నాకీ కుర్చీ యాడిది తమ్మీ?" అంది ఆమె, మనస్ఫూర్తిగా.

అది అక్షరాలా నిజం కనుక, అందులో పెద్ద మతలబే ఉండి తీరాలని బుచ్చయ్య ఆ క్షణమే నిర్ణయించుకున్నాడు.